గట్టు మధ్యలో తాడిచెట్టు

“నీ మనిషి చెట్టు చాటున లేడన్నయ్యా. బాణం తగిలింది. పడుకోబెట్టు వాణ్ణి.”

“కళ్లు పెట్టి చూడరా. చెట్టు ఉందా లేదా? వాడు దాని వెనకాల ఉన్నాడా లేదా?”

“చెట్టు ఉంది. ఉండాల్సిన చోట లేదు. గట్టు మధ్యలో పెట్టావ్ నువ్వు.”

“మధ్యలో కాక ఇంకెక్కడుంటుంది? నాన్న నాటిందే మధ్యలో.”

“నాటింది మధ్యలోనే. నేను కాదన్నానా? ఇప్పుడు ఎక్కడుందో ఒక్కసారి వచ్చి చూడు. నీ చెరువు అంచున వేళ్లు బయటపెట్టుకుని వేలాడుతోంది. సగం గట్టు నీ చెరువు తినేసింది.”

“తినేసిందా, నువ్వే నీ వైపు మట్టి పోసి లావు చేసుకున్నావా?”

“నాన్నా, బాబాయ్, ఇది ఆట” అంది నా మనవరాలు. పాచిక దాని గుప్పిట్లోనే ఉండిపోయింది.

“ఆటైతే మరీ మంచిది. చెట్టు పీకి అంచున పెట్టమను మీ నాన్నని. ఆటే కదా, ఏం పోయింది?”

వాళ్లిద్దరూ నా కొడుకులు. నలభై దాటినవాళ్లు. పెద్దాడు ఏలూరులో కరెంటాఫీసులో గుమాస్తా. నేను వాడి ఇంట్లోనే ఉంటాను. చిన్నాడు గణపవరం దగ్గర మా ఊళ్లో చేపల చెరువు చూసుకుంటాడు. వాళ్లు కొట్లాడుతున్న చెట్టు చీపురుపుల్ల. దాని తలకి పచ్చకాగితం ముక్కలు. గట్టేమో చేపలు ఐసులో పెట్టి పంపే ధర్మాకోల్ పెట్టె కోసి చేసింది. అదంతా మా భోజనాల బల్ల మీద ఉంది. ఆ బల్ల మీద ఆ పూట ఎంగిలి ఇంకా సరిగ్గా తుడవను కూడా లేదు.

చిన్నాడు ఆ ఆదివారం ఏలూరు వచ్చింది నీళ్ల కోసం. ఆ మాట వాడు నాకు ముందురోజు ఫోన్‌లో చెప్పాడు. తెల్లారగట్ల చేప ఊపిరందక పైకొచ్చి నోళ్లు తెరుస్తోందట. ఎండలకి చెరువు సగానికి దిగింది. అటు కొల్లేటి వైపు నుంచి తోడుకుందామంటే ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు ఎగదన్ని ఉంది, ఆ నీళ్లు పెడితే ఉన్న చేప కూడా పోతుంది. మిగిలింది కాలవ నీళ్లు. కాలవలు ఇంకో నాలుగు రోజుల్లో కట్టేస్తారు. ఆ నీళ్లు పిల్లకాలవ బోదెలో వచ్చి ముందు పెద్దాడి చెరువులో పడతాయి, గట్టు కింద తూములోంచి చిన్నాడి చెరువులోకి రావాలి. ఆ తూముకి పలకలు వేసేసి రెండు ఎండాకాలాలయింది. వేయించింది పెద్దాడు. వాడి చెరువు కౌలుకి ఇచ్చాడు గనక పలకల మీద చెయ్యి కౌలుదారుది, మాట మాత్రం పెద్దాడిది. వాడు ఒక్క ఫోన్ చేస్తే చాలు. చిన్నాడు ఒక్క మాట అడిగితే చాలు.

ఇంతే విషయం. దీని కోసం బొమ్మల యుద్ధం దాకా ఎలా వెళ్లామో చెప్పాలంటే నా మనవరాలి దగ్గర మొదలుపెట్టాలి.

పెద్దాడి కూతురు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది, శనివారం సాయంత్రం పాసింజరు ఎక్కి ఇంటికి వస్తుంది. ఒక శనివారం మాసిన బట్టలతో పాటు మిఠాయి డబ్బా నిండా బొమ్మలు తెచ్చింది. చిటికెన వేలిలో సగమంత ఉన్నారు. కత్తులు, ఈటెలు, విల్లులు పట్టుకున్న మనుషులు. కాలేజీలో ఏదో మిషనుందట, తీగలాంటి ప్లాస్టిక్కు కరగబెట్టి బొమ్మలు పోస్తుందట. వాటిని సోడా మూతల మీద అంటించుకుని, రంగులేసుకుని, పిల్లలు రెండు జట్లయి యుద్ధం ఆడుకుంటారట.

“ఇందుకా నిన్ను గూడెం పంపించింది?” అన్నాను.

“చదువు అయ్యాకే నాన్నమ్మా. పెద్ద ఆట కూడా కాదు, అరగంటలో అయిపోతుంది. రూల్సన్నీ ఒక్క కాగితమే.”

“అరగంటలో ఓ ఎసరు మరుగుతుంది.”

మీకు తెలియకపోతే చెబుతాను, చాలా తేలికైన ఆటే. చెరో ఎనిమిది మంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తమ మనుషుల్ని జరుపుకోవాలి. ఎంత జరపాలన్నది ఒక పుల్లతో కొలుస్తారు. ఎదుటివాణ్ణి కొట్టాలంటే పాచిక వెయ్యాలి. చెట్టు చాటునో గోడ చాటునో ఉన్నవాణ్ణి కొట్టడం కష్టం, పెద్ద అంకె పడాలి. బయట నిలబడ్డవాడు చిన్న అంకెకే పోతాడు. దెబ్బ తిన్నవాణ్ణి పడుకోబెడతారు. ఎవరి వాళ్లు సగం మంది పడిపోతే వాళ్లు ఓడినట్టు. నేను మిషన్ బళ్లో మూడో తరగతి దాకా చదివినదాన్ని. నాకే ఒక్కసారి చెబితే వచ్చింది.

దానికంటే దాని తండ్రికి పిచ్చెక్కింది. ఆఫీసు నుంచి వచ్చి టీ తాగడం, కిటికీ దగ్గర కూర్చుని బొమ్మకి రంగు వేయడం. బ్రష్షుకి నాలుగు వెంట్రుకలుంటాయి. ఊపిరి బిగబట్టి ఆ గోరంత మొహానికి కనుబొమ్మలు దిద్దుతాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ. ఆడటానికి వారమంతా ఎవరూ లేక వాడు నన్ను కూర్చోబెట్టేవాడు.

నేను ఎప్పుడూ ముందుకి వెళ్లేదాన్ని కాదు. గోడ వెనకాల నా వాళ్లని వరసగా నిలబెట్టి ఊరుకునేదాన్ని. వాడే వచ్చి వాడే పోయేవాడు.

“అలా కూర్చుంటే ఆటెలా అవుతుందమ్మా? కదలాలి.”

“నా మనుషుల్ని నేనెందుకురా చంపుకుంటాను?”

“యుద్ధమే అది!”

“నీకు యుద్ధం. నాకు ఎనిమిది మంది.”

వాడు నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, పోనీలే, తాగుడుకీ పేకాటకీ పోవట్లేదు కదా అని నేనూ ఊరుకున్నాను. రంగుడబ్బాల మీద కోపం మాత్రం పోలేదు. మూత సరిగ్గా పెట్టకపోతే ఎండిపోతాయి. ఎండినవి పారేసేవాడు. నేను తీసి నీళ్లు కలిపి దాచేదాన్ని.

తర్వాత యుద్ధానికి చోటు కావాలన్నారు. చెక్కల మీద కొండలు, కోటలు చేశారు. మనవరాలు కొల్లేటికోట చేద్దామంది, చుట్టూ నీళ్లు, మధ్యలో కోట, చాలా బావుంటుందంది. దాని తండ్రి ఒప్పుకోలేదు.

“కోట ఎలా ఉండేదో నేను చూశానా ఏంటి? మన చెరువులు చేస్తాను. కళ్లు మూసుకుని చేస్తాను” అన్నాడు.

నిజంగానే కళ్లు మూసుకుని చేశాడు. అది అప్పుడు నాకు తట్టలేదు. చేసింది మాత్రం చూడముచ్చటగా ఉంది, ఆ మాట దాచుకోను. రెండు చెరువులు, వాటికి నీలం రంగు మీద బంక పోసి మెరుపు. బోదె. కాపలావాడి పాక. తివాచీలు నేసే వాళ్లింటి నుంచి ఉన్ని తునకలు తెచ్చి తుంగ చేశాడు. రెండు చెరువుల మధ్య గట్టు, గట్టు మధ్యలో తాడిచెట్టు.

మా ఆయన ఆ చెరువు తవ్వించిన ఏడాదే మధ్యన గట్టు వేయించాడు. కొడుకులిద్దరూ అప్పటికి బడికి వెళ్లే వయసు. “రేపు కొలతలని కొట్టుకోకుండా ఇప్పుడే వేస్తున్నానే, ఇటు వాడిది, అటు వీడిది” అన్నాడు. గట్టుకి సరిగ్గా నడుమ తాటిటెంక ఒకటి తన చేత్తో పాతాడు. అది మొలిచింది, మానైంది. ఆయన పోయాడు.

చేపల చెరువు గట్టు సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి చెరువు ఎండగట్టి అడుగు తవ్వుతారు. తవ్వినప్పుడల్లా గట్టు వార చెక్కుతారు. ఎవరూ దొంగతనం చేస్తున్నామనుకోరు. మట్టి జారింది, సరిచేశాం, అంతే. అలా సరిచేసి సరిచేసి గట్టు సన్నబడిపోతుంది. ఎవరి వైపు నుంచి సన్నబడిందో చెప్పగలిగింది ఒక్క చెట్టే. పెద్దాడి కౌలుదారు బాగా లోతు తవ్వించాడు. చెట్టు ఆ వార అంచుకి వచ్చేసింది. చిన్నాడు అడిగాడు. పెద్దాడు ఆ మాట కౌలుదారుని అడిగాడు. కౌలుదారు “మేం గట్టు ముట్టుకోలేదండి, మీ తమ్ముడు గారే అటు మట్టి పోసుకున్నారండి” అన్నాడు. పెద్దాడు ఊరు వెళ్లి చూడలేదు. చూస్తే ఏదో ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుంది కదా. మాటా మాటా పెరిగింది. తూముకి పలకలు పడ్డాయి.

అప్పటి నుంచి క్రిస్మస్‌కి ఊళ్లో చర్చి గుడికి ఇద్దరూ వస్తారు. వేరు వేరు వరసల్లో కూర్చుంటారు. ఒకే గిన్నెలోంచి ప్రభువు సంస్కారపు రసం తీసుకుంటారు. గుడి బయటికొచ్చి ఎవరి బండి వాళ్లు ఎక్కుతారు. కడుపున కన్నదాన్ని, నేను మధ్యలో నిలబడి ఎవరి బండి ఎక్కాలో చూసుకోవాలి.

చిన్నాడు నీళ్ల కోసం వస్తున్నాడని మనవరాలికి చెప్పాను. అదే అంది, “నాన్నమ్మా, ఊరికే కూర్చుంటే ఇద్దరూ మాట్లాడుకోరు. ఆట పెడదాం. చేతిలో ఏదో ఉంటే మాట అదే వస్తుంది” అని. చదువుకున్న పిల్ల, నిజమే కాబోలు అనుకున్నాను. ఏ చెక్క మీద ఆట పెడుతుందో అడగాలని నాకూ తోచలేదు, చెప్పాలని దానికీ తోచలేదు. కొత్తగా చేసిన చెరువుల చెక్క, అన్నిటికంటే అందమైనది పెట్టింది.

చిన్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. సంచిలో బొచ్చె చేప తెచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, రాత్రుళ్లు గట్టు మీదే ఉంటున్నాడు. గుమ్మంలో నిలబడి, “బావున్నావా అన్నయ్యా?” అన్నాడు. “ఆ, రా, లోపలికి రా” అన్నాడు పెద్దాడు. రెండేళ్ల తర్వాత అన్నదమ్ములు అనుకున్న మాటలవి. నేను పొయ్యి దగ్గరకి వెళ్లిపోయాను.

పులుసు పెట్టి వడ్డించాక పెద్దాడు, “ప్రార్థన నువ్వు చెయ్యరా” అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్లని అడగడం మాకు అలవాటే. చిన్నాడు తలవంచి చేశాడు. వండిన చేతుల్ని దీవించమన్నాడు. పిల్లదాని చదువుని దీవించమన్నాడు. తర్వాత, “తండ్రీ, మా చెరువుల్లో నీళ్లు అడుగంటుతున్నాయి. మా జీవాలకి నీళ్లు దయచెయ్యి” అన్నాడు.

“ఆమేన్” అన్నాడు పెద్దాడు, అందరికంటే గట్టిగా. అని పులుసు కలుపుకున్నాడు.

దేవుణ్ణి అడిగాడు. అన్న పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గర్లో కూర్చున్నాడు, వాణ్ణి అడగలేదు. ఆ అన్న అయినా, ఆమేన్ అన్న నోటితో, ‘తూము తీయిస్తాలేరా’ అనలేదు. ఇద్దరికీ అన్నం సహించింది. నేనే కంచం పక్కకి జరిపాను.

ఎంగిలి తీసి బల్ల తుడిచీ తుడవకముందే మనవరాలు చెక్క తెచ్చి పెట్టింది. చిన్నాడు వంగి చూశాడు. పాక చూసి, “ఓరి, మన పాకే! తలుపు కూడా అటే” అన్నాడు. మొహం విప్పారింది. ఎనిమిది మందిని ఏరుకున్నాడు. ఆట మొదలెట్టాక ఇద్దరూ చిన్నపిల్లలైపోయారు. “ఒరే, తుంగలో దాక్కున్నావా?” “నీకు కనపడ్డమే కావాలి గాని!” “పాచిక చేతిలో తిప్పకు, వెయ్యి.” “నీకు బళ్లో కూడా గోలీలాటలో ఇలాగే పడేవి.” చిన్నాడు బాగా ఆడాడు. ధైర్యంగా పోయాడు, పెద్దాడి వాళ్లు ముగ్గురు పడిపోయారు. ఇంకొకడు పడితే చిన్నాడిదే ఆట. నేను గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఇప్పుడడుగు, ఇప్పుడడుగు అని లోపల అనుకుంటున్నాను.

చిన్నాడి విలుకాడు బాణం వేశాడు. పాచిక నాలుగు పడింది. పెద్దాడి మనిషి గట్టు మీద తాడిచెట్టు వెనకాల ఉన్నాడు. చాటున ఉంటే నాలుగు చాలదు. బయట ఉంటే చాలు. మొదట చెప్పిన మాటలు అప్పుడు పుట్టాయి.

మనవరాలు చెట్టు మీద చెయ్యి వేసింది. “జరిపేస్తాను నాన్నా, పోనీ.”

“ముట్టుకోకు. బంక ఆరింది.”

“బంక కాదులే తల్లీ,” అన్నాడు చిన్నాడు, “మీ నాన్న నోరే అతుక్కుపోయింది. అంచున ఉందని ఆట కోసం కూడా ఒప్పుకోడు. ఒప్పుకుంటే అక్కడా ఒప్పుకోవాలి కదా.”

“నా ఇంట్లో కూర్చుని, నా అన్నం తిని—”

“చేప నాది.”

“చేప నీదైతే నీళ్లెవరివిరా?” అన్నాడు పెద్దాడు. “నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలీదనుకున్నావా? అమ్మ ఫోన్ మాట్లాడితే నాకు వినపడదా? ప్రార్థనలో వినిపించడం కాదు. నోరు తెరిచి అడుగు. ‘అన్నయ్యా, తూము తియ్యి’ అని అడుగు. తీయిస్తాను.”

అడగాలి. తలకాయ ఉన్నవాడెవడైనా అడగాలి. చెరువులో చేప నోళ్లు తెరుస్తుంటే వీడు ఒక్కసారి నోరు తెరిస్తే ఏం పోయింది? నేను బియ్యం చేట పక్కన పెట్టి, “అడగరా” అన్నాను.

“నువ్వూ అదే మాటా అమ్మా?” అన్నాడు చిన్నాడు. లేచి నిలబడ్డాడు. “నాన్న వేసిన గట్టు కింద నాన్న పెట్టిన తూము. అది తియ్యమని ఈయన్ని అడుక్కోవాలా నేను? నీ నీళ్లు నువ్వే తాగన్నయ్యా.” గట్టు మీద నిలబడ్డ పెద్దాడి బొమ్మని చూపుడువేలితో పడుకోబెట్టాడు. “వీడు చచ్చాడు. ఆట నాది” అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పెద్దాడు ఆ బొమ్మని మళ్లీ నిలబెట్టాడు.

దీపాలు పెట్టే వేళకి అడిగాను.

“ఫోన్ చెయ్యరా కౌలుదారుకి.”

“వాడు అడగనీ.”

“నేను అడుగుతున్నాను.”

“నువ్వు వాడి తరఫున అడక్కమ్మా. రెండేళ్ల నుంచి ఊరంతా తిరిగి మా అన్న గట్టు తిన్నాడని చెప్పాడు. నీకు తెలుసా? గుళ్లో పెద్దలకి కూడా చెప్పాడు. నేను అడగమన్నది ఒక్క మాట.”

“గట్టు నువ్వు చూశావా?”

వాడు బ్రష్షు తీసి నీళ్లలో ముంచాడు. సైనికుడి కనుబొమ్మ దిద్దగలిగిన కళ్లు వాడివి. బస్సెక్కితే గంటన్నర దూరంలో ఉన్న గట్టు చూడ్డానికి ఆ కళ్లు పనికిరాలేదు. చిన్నాడు మాత్రం తక్కువా? ఊరందరికీ చెప్పగలిగినవాడు అన్నకి చెప్పలేడు. నేను పెంచినవాళ్లే ఇద్దరూ. ఒక గింజ నేల పాలైతే ఏరించిన ఇంట్లో పెరిగారు. పంతం దగ్గరికొచ్చేసరికి చెరువు చెరువే పారబోసుకుంటారు.

మనవరాలు ఆ సాయంత్రం గూడెం బండికి వెళ్లిపోయింది. వెళ్తూ, “ఆ బోర్డు పెట్టకుండా ఉండాల్సింది నాన్నమ్మా” అంది. “బోర్డు ఏం చేసింది” అన్నాను. వేరే చెక్క పెట్టినా దాని కొండ మీద ఇంకో చెట్టు దొరికేది వాళ్లకి.

ఆ రాత్రి మబ్బు పట్టింది. ఆకు కదల్లేదు. అలాంటి రాత్రి తక్కువ నీళ్లలో చేపకి ఊపిరందదు.

తెల్లారేసరికి చిన్నకోడలు ఫోన్ చేసింది. “అత్తయ్య గారండీ, చేప తేలిపోయిందండీ” అని ఏడ్చింది. పెద్దాడు పళ్లు తోముకుంటున్నాడు. చెప్పాను. నోరు కడుక్కోకుండానే కౌలుదారుకి ఫోన్ చేశాడు. “తూము పలకలు తీసెయ్యండి. ఆ, అన్నీ తీసెయ్యండి, ఇప్పుడే.” స్నానానికి వెళ్లాడు.

నేను గణపవరం బస్సెక్కాను. నేను గట్టు చేరేసరికి తూములోంచి నీళ్లు ధారగా చిన్నాడి చెరువులోకి పడుతున్నాయి. చెరువంతా తెల్లగా చేపలు పొట్టలు పైకి పెట్టుకుని ఉన్నాయి. కూలీలు వల లాగుతున్నారు. చిన్నకోడలు ఒడ్డున, చచ్చిన చేప పూడ్చడానికి తీసిన గోతి దగ్గర నిలబడి ఉంది. వ్యాపారి వచ్చి, చూసి, వద్దని వెళ్లిపోయాడట.

చిన్నాడు నడుం లోతులో ఉన్నాడు. నన్ను చూసి తూము వైపు చూపించాడు.

“ఎవరు తీశారు?”

“మీ అన్న తీయించాడు.”

వాడు వల వదిలేసి నీళ్లలో నడుచుకుంటూ తూము దగ్గరికి వెళ్లాడు. ఒడ్డున పడేసి ఉన్న పలకలు ఒక్కొక్కటే తీసుకుని గాడిలో దింపాడు. సందుల్లో బురద తెచ్చి చేత్తో మెత్తాడు. నీళ్లు ఆగాయి. మళ్లీ వెళ్లి వల పట్టుకున్నాడు.